రాయి మీద అమ్మ పేరు

జూన్ వచ్చిందంటే కోహీర్‌లోనూ అన్ని ఊళ్లలాగే స్కూళ్ల ముందు తల్లులు, పిల్లలు వరుస కడతారు. చలికీ జామపండ్లకీ పేరు పడ్డ ఊరు. జహీరాబాద్‌కీ బీదర్‌కీ దగ్గర కావడంతో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే నోట వినిపిస్తాయి. ఏ భాషలో మాట్లాడినా అడ్మిషన్ ఫారం మాత్రం ఒకటే. పిల్ల పేరు రాయగానే తండ్రి పేరు అడుగుతుంది. ఎక్కువమందికి అది అర నిమిషం పని. కొందరి చెయ్యి అక్కడ ఆగిపోతుంది. భర్త వదిలేసి వెళ్లిన తల్లి చెయ్యి. కాగితం లేని పెళ్లి చేసుకున్న తల్లి చెయ్యి. ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో చిన్నప్పుడే జోగినిగా మార్చేసిన తల్లి చెయ్యి. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. కానీ ఆ గడి దగ్గర తల దించుకునే అలవాటు చట్టంతో పోలేదు.

ఈ అలవాటు వాళ్ల ఒక్కరిదే అనుకోకండి. కొడుకు ఇంటర్ తప్పితే పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. కూతురు పుట్టింటికి వచ్చేస్తే ఆర్నెల్లు చుట్టాలకు చెప్పని ఇల్లు, ఉద్యోగం పోయినా రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వెళ్లి వచ్చే మనిషి, మనసు బాగాలేని తమ్ముడికి మందులు వాడుతున్న సంగతి దాచే అన్న. కోహీర్ వైపు ఇజ్జత్ పోయిందంటారు, కోస్తాలో నామోషీ అంటారు, అందరం కలిసి తలకొట్టేసినట్టయిందంటాం. సిగ్గు మన భాషలో ఎప్పుడూ ఒంటి మీదే కనిపిస్తుంది. తల వంగుతుంది, మొహం చెల్లదు, భూమి చీలితే బాగుండనిపిస్తుంది.

ఆ గడిని చెయ్యి వణక్కుండా నింపిన ఒకావిడ ఉంది. అదీ కాగితం మీద కాదు, రాతి మీద. తంజావూరు పక్కన తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గరి శాసనంలో ఆ గుడి కట్టించినవారి పేరు ఉంటుంది. బెంగళూరు నాగరత్నమ్మ. ఆ పేరు పక్కన తండ్రి పేరు లేదు, భర్త పేరు లేదు. మైసూరు దేవదాసి పుట్టలక్ష్మి కూతురినని చెక్కించుకుంది. ఏ మాట చెప్పుకోవడానికి ఆ రోజుల్లో జనం నాలిక కరుచుకునేవారో ఆ మాటనే అక్కడ పెట్టించింది. అది 1925. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్లు.

అక్కడిదాకా ఎలా వచ్చిందన్నదే ఆమె కథ.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులంలో పుట్టిన మనిషి. తండ్రి సుబ్బారావు వకీలు. బిడ్డ పసితనంలో ఉండగానే ఆయన ఆ తల్లీబిడ్డలను వదిలేశాడు. చేతిలో డబ్బు లేదు, చెప్పుకోవడానికి మనిషి లేడు. అలాంటి సమయంలో గిరిభట్ట తిమ్మయ్య అనే సంస్కృత పండితుడు వాళ్లను చేరదీశాడు. పిల్లకు సంస్కృతమూ సంగీతమూ మొదలుపెట్టాడు. పిల్ల చురుకు. చెప్పింది చెప్పినట్టు పట్టేసేది. కొన్నేళ్లకు ఏదో చెడింది. నేర్పిన మనిషే నోటికొచ్చినట్టు అని, ఆ పిల్ల దేనికీ పనికిరాకుండా పోతుందని తేల్చేశాడు.

ఇక్కడ పుట్టలక్ష్మిని ఒక్క నిమిషం చూడండి. రెండుసార్లు గెంటేయించుకున్న మనిషి. ఒకసారి బిడ్డ తండ్రి, రెండోసారి బిడ్డ గురువు. ఆ స్థితిలో చాలామంది తల్లులు ఏం చేస్తారో మనకు తెలుసు. నీవల్లే ఇదంతా అని పిల్లనే ఒకటి వేస్తారు. లేదా నా రాత ఇంతేనని మూలన కూర్చుంటారు. పుట్టలక్ష్మి పిల్ల చెయ్యి పట్టుకుని ఊరు దాటింది. కూతురు విద్వాంసురాలు అయ్యేదాకా మైసూరు గడప తొక్కనని పట్టుబట్టింది. పౌరుషంతో చేసిన పనిలా కనిపిస్తుంది కానీ, ఆ పనిలో బిడ్డకు ఒక కబురు కూడా అందింది. వాళ్లన్న మాట నీ గురించి నిజం కాదు అని. మానసిక వైద్యులు గంటలు గంటలు కూర్చుని చెప్పించాలని చూసే మాట అదే.

బెంగళూరులో ఆ తల్లికి ఒక బంధువు ఆసరా దొరికింది. అక్కడ వాలాజాపేట మునుస్వామప్ప దగ్గర పాఠం కుదిరింది. ఆ గురుపరంపర త్యాగరాజస్వామి శిష్యుల నుంచి వచ్చింది. అంటే సమాధి సంగతి ఆమె చెవిన పడటానికి చాలా ఏళ్ల ముందే, ఆ కృతులు ఆమె గొంతులోకి దిగాయి. కన్నడం, తెలుగు, సంస్కృతం, తర్వాత తమిళం, కొంత ఇంగ్లిషు. పాట, వయొలిన్, నాట్యం. ఇన్నీ ఒక్క పిల్లకు చెప్పించడానికి ఆ తల్లి ఏమేం అమ్ముకుందో లెక్క లేదు. కూతురు పూర్తిగా ఎదగడం చూడకుండానే ఆమె పోయింది. పదిహేనేళ్లకు నాగరత్నమ్మ వేదికెక్కింది. కొద్దికాలంలోనే మైసూరు ఆస్థానంలో పాడింది. తల్లి గడప తొక్కనన్న ఊరికి కూతురు పల్లకీ దర్జాతో తిరిగి వెళ్లిందన్నమాట. చూడటానికి అమ్మ లేదు.

తర్వాతి పదేళ్లు త్వరగా చెప్పేస్తాను, అవన్నీ విజయాలే కనుక. మైసూరు హైకోర్టు జడ్జి నరహరిరావు ఆమె విద్యను మెచ్చి, మద్రాసు వెళితే ఇంకా ఎదుగుతావని ప్రోత్సహించారు. ఆమె మద్రాసు చేరి, వీణ ధనమ్మాళ్ వంటివారు ఉన్న పేటలోనే ఇల్లు చేసుకుంది. కచేరీలు వరసగా వచ్చాయి. డబ్బూ వచ్చింది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి మహిళా కళాకారిణి ఆమేనంటారు. ఇల్లు, నగలు, మంచి పుస్తకాలు. రాత్రుళ్లు తెలుగు ప్రబంధాలు చదువుకునే అలవాటు. ఆ అలవాటే ఆమెను పెద్ద గొడవలోకి దించింది.

ఆ గొడవ అర్థం కావాలంటే ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. తప్పు చేశానన్న బాధ వేరు, సిగ్గు వేరు. జూన్ టాంగ్నీ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడా మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మొదటిది ఒక పని గురించి. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అనిపిస్తుంది, వెళ్లి క్షమించమంటాం, సరిచేస్తాం, తేలికపడతాం. రెండోది మొత్తం మనిషి గురించి. నేనే తప్పు అనిపిస్తుంది. సరిచేయడానికి పని అంటూ ఏదీ ఉండదు కాబట్టి దాక్కోవడమే మిగులుతుంది. దాక్కున్నవాళ్లు కొందరు మందుకు అలవాటు పడతారు, కొందరు తిండి మానేస్తారు, కొందరు ఇంట్లో చిన్నవాళ్ల మీద అరుస్తారు. సిగ్గుపడే మనిషికి కోపం త్వరగా వస్తుందని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. ఒంటికీ దెబ్బే. 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు పరిశోధకులు 208 ప్రయోగాలను కలిపి చూశారు. నలుగురి ముందు తక్కువ అవుతామన్న భయం ఉన్న పరీక్షల్లో, అందులోనూ పరిస్థితి మన చేతిలో లేనప్పుడు, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది, మామూలు స్థితికి రావడానికి ఎక్కువసేపు పట్టింది. లెక్కలు చేయమంటే పడే ఒత్తిడి కంటే, లెక్క తప్పితే నవ్వుతారేమో అన్న ఒత్తిడి ఒంటిని ఎక్కువ కుదుపుతుంది.

పుట్టుక గురించిన సిగ్గు వీటన్నిటిలోకీ మొండిది. అందులో చేసిన తప్పే లేదు, దిద్దుకోవడానికి.

ఇక పుస్తకం సంగతి. తంజావూరులో ప్రతాపసింహుడు రాజ్యం చేసిన రోజుల్లో, అంటే 1739కీ 1763కీ మధ్య, ఆ ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె కూడా అదే కులం మనిషి. తెలుగులో రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళ అనే అమ్మాయిని తానే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. అన్నీ దగ్గరుండి చెబుతుంది. ఆ తర్వాత తట్టుకోలేకపోతుంది. కోపం, ఏడుపు, అలక. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను బుజ్జగిస్తాడు. అందుకే ఆ పేరు. పెద్దమనిషి తరహాలో అన్నీ చేసేసి లోపల్లోపల విరిగిపోయే ఆడవాళ్లు మన ఇళ్లలో లేరా? రాధ నొప్పిని చిన్నబుచ్చకుండా, దానికి సాంత్వనం కావాలని ఒప్పుకున్న కావ్యం అది.

నాగరత్నమ్మ ఒక పాత పుస్తకంలో ముద్దుపళని పేరు చూసి, వెతికి వెతికి ఆ కావ్యం తెప్పించుకుంది. దొరికిన ప్రతి 1887లో అచ్చయినది. చదివింది, మళ్లీ మళ్లీ చదివింది. తర్వాత రాతప్రతి కూడా సంపాదించి పక్కపక్కన పెట్టి చూస్తే, అచ్చులో చాలా లోపించిందని తెలిసింది. కొన్ని పద్యాలు తీసేశారు. దాంతోపాటు పీఠిక కూడా తీసేశారు. ముద్దుపళని తన వంశంలోని ఆడవాళ్లను, వాళ్ల విద్యను పేరుపేరునా చెప్పుకున్న భాగం అది. శృంగార పద్యాలు కొట్టేయడం ఆ కాలపు పరిష్కర్తలకు కొత్త కాదు. వంశం ఎందుకు కొట్టేసినట్టు? నాకు తోచినంతలో ఒకటే కారణం. అలాంటి వంశాన్ని ఒక మనిషి గర్వంగా చెప్పుకోవచ్చని వాళ్లకు తట్టి ఉండదు.

కందుకూరి వీరేశలింగం పంతులు గారు కూడా ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళనిని వదల్లేదు. ఆమె వేశ్య అని చెప్పి, స్త్రీలు వినదగని, స్త్రీ నోట రాదగని మాటలు ఆ కావ్యంలో ఉన్నాయని తప్పుపట్టారు. పంతులు గారు మామూలు మనిషి కాదు. వితంతువులకు పెళ్లిళ్లు చేసి, సొంతవాళ్ల వెలికి కూడా జంకని మనిషి. ఆయన మాటకు ఆంధ్రదేశంలో ఎదురు చెప్పడమంటే చిన్న విషయం కాదు. నాగరత్నమ్మ చెప్పింది. కోప్పడలేదు, లెక్క అడిగింది. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకు ఉండక్కర్లేదా అని అడిగింది. ఇంతకన్నా పచ్చిగా రాసిన వైజయంతీ విలాసాన్ని పంతులు గారే పరిష్కరించి మెచ్చుకున్నారు కదా, అది మగవాడు రాసినందుకేనా అని నిలదీసింది. అంతా కలిపి పూర్తి పాఠంతో, ముద్దుపళని వంశంతో సహా, రాధికా సాంత్వనాన్ని సిద్ధం చేసింది. 1910లో వావిళ్లవారు అచ్చువేశారు.

దుమారం లేచింది. ఒక పత్రిక, ఒక వేశ్య రాసింది, ఇంకో వేశ్య దిద్దింది అనే అర్థం వచ్చేలా సమీక్ష చేసింది. ప్రభుత్వానికి ఫిర్యాదులు వెళ్లాయి. 1911లో పోలీసులు ప్రతులు పట్టుకెళ్లారు. పుస్తకం నిషేధించారు. పండితులు కొందరు విన్నపాలు పెట్టినా లాభం లేకపోయింది. ముప్పై దాటిన, పేరున్న గాయని, నలుగురిలో గౌరవంగా మసలుతున్న మనిషి. ఊరంతా మళ్లీ ఆమె పుట్టుకను వేలెత్తి చూపించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న 1946–47 నాటికి గానీ ఆ నిషేధం పోలేదు. ముప్పై అయిదేళ్లు.

ఆ ముప్పై అయిదేళ్లలో ఆమె ముద్దుపళనిని వదిలేసి తన పేరు శుభ్రం చేసుకోవచ్చు. ఆమెకూ నాకూ సంబంధం లేదని చెప్పి పాటలు పాడుకోవచ్చు. చెప్పలేదు.

అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ 2003లో తన మీద తాను దయ చూపడం అనే అంశాన్ని కొలిచే పద్ధతి ఒకటి తెచ్చారు. అందులో మూడు పోగులు ఉంటాయంటారు ఆమె. కష్టంలో ఉన్నప్పుడు తిట్టుకోకుండా మనతో మనం మెత్తగా మాట్లాడుకోవడం. ఇది నాకొక్కదానికే కాదు, మనుషులందరికీ ఉండేదే అని గుర్తుంచుకోవడం. నొప్పిని దాచకుండా, అలాగని గోరంతను కొండంత చేయకుండా, ఉన్నదున్నట్టు చూడటం. చదివితే సులువే. సిగ్గులో మునిగిన మనిషికి వీటిలో బొత్తిగా అందనిది రెండోది. లోకమంతా బాగుంది, నేనొక్కదాన్నే ఇలా అనిపించడమే కదా సిగ్గంటే. నూటయాభై ఏళ్ల వెనక్కి వెళ్లి తనలాంటి మనిషిని వెతికి పట్టుకుంది నాగరత్నమ్మ. ఆ మనిషి సిగ్గుపడకుండా తన తల్లుల పేర్లు రాసుకుందని చూసింది. ఇలాంటి ఒక్క తోడు దొరికితే మనసు ఎంత నిలదొక్కుకుంటుందో, విడాకులైన అమ్మాయికి విడాకులైన మేనత్త ఎంత పనికొస్తుందో చూసినవాళ్లకు తెలుసు. ఆ మేనత్త సలహాలేమీ చెప్పక్కర్లేదు. పండక్కి పట్టుచీర కట్టుకుని అందరి మధ్యా కూర్చుంటే చాలు.

మొదటి పోగుకు మాత్రం అభ్యాసం కావాలి. చేయదగిన పని ఒకటి ఉంది. మీకు జరిగిందే మీ చెల్లికి జరిగితే ఏం చెబుతారో ఒక కాగితం మీద రాయండి. చెల్లెమ్మా అనే మొదలుపెట్టండి. తర్వాత చెల్లి పేరు కొట్టేసి మీ పేరు పెట్టుకుని చదవండి. మొదటిసారి చదివేటప్పుడు చాలామందికి గొంతు పూడుకుపోతుంది, కొందరికి ఒళ్లు మండుతుంది కూడా. సిగ్గుతో బాధపడేవారి చికిత్స మీద పనిచేసిన బ్రిటిష్ మనస్తత్వవేత్త పాల్ గిల్బర్ట్, దయ ఎదురైనప్పుడు కొందరు భయపడతారని కూడా చెప్పారు. చిన్నప్పుడు దయ అందనివారికి అది అలవాటు లేని రుచి. కాబట్టి ఆగి, మర్నాడు మళ్లీ చదవండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చచ్చిపోతే బాగుండనిపించినా మాత్రం కాగితంతో సరిపెట్టుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తిరువయ్యారు దగ్గరికి వద్దాం. 1920 ప్రాంతంలో, ఆమె గురువుగా తలచే మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప ఉత్తరం రాశారు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి పాడుబడి, మొక్కలు మొలిచి, పట్టించుకునే దిక్కు లేకుండా ఉందని. ఊరూరా ఆయన కృతులు పాడి బతికే విద్వాంసులు వందల్లో ఉన్నారు. ఎవరికీ పట్టలేదు. ఆమె నగలు, ఆస్తులు ఒకటొకటిగా అమ్మింది. చోటు బాగుచేయించింది. 1921 అక్టోబరులో శంకుస్థాపన అయింది. 1925 జనవరి 7న ప్రతిష్ఠ జరిగింది. మొదట చెప్పిన ఆ రాత అప్పటిదే.

ఇప్పుడు ఇంకో అవమానం. ఆమె డబ్బుతో కట్టిన గుడిలో, ఆమె సమయంలో, ఆరాధన రోజు పాడటానికి ఆమెకే వీల్లేదన్నారు. ఆడవాళ్లు అక్కడ పాడకూడదట. ఆరాధన చేసే మగవాళ్లలోనూ రెండు ముఠాలు, వాళ్లలో వాళ్లకు పడదు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మనలో ఎవరికైనా అలాంటిది జరిగితే రెండే దారులు కనిపిస్తాయి. మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చేయడం, లేదా వాళ్ల గుమ్మం ముందు గొడవ. నాగరత్నమ్మ గుడి వెనక వైపు పందిరి వేయించింది. 1927 నుంచి ఆడవాళ్లతో సొంతంగా ఆరాధన మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి దేవదాసి కుటుంబాల గాయనులు వచ్చి చేరారు. ముందు మగవాళ్లు పాడుతుంటే వెనక ఆడవాళ్లు పాడారు. దేవుడు మధ్యలో ఉన్నాడు, ఆయనకు రెండు వైపులా చెవులే. ఇలా పద్నాలుగేళ్లు. 1941లో ముఠాలన్నీ కలిసిపోయాయి, ఆడవాళ్లు అందరితో కలిసి కూర్చుని పాడే రోజు వచ్చింది. ఇవాళ ప్రతి పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో వందలమంది గొంతులు కలిపి పంచరత్నాలు పాడుతుంటే టీవీలో చూస్తాం కదా, ఆ బృందంలో ఆడవాళ్ల చోటు అలా వచ్చింది.

ఆమెను ఆకాశానికెత్తి వదిలేయడం నాకిష్టం లేదు. ఒక విషయంలో నేను ఆమె వైపు లేను. దేవదాసి వ్యవస్థను రద్దు చేయాలని డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1927 నుంచి మద్రాసు శాసనమండలిలో పోరాడుతుంటే, ఎదురు నిలిచినవారి ముందువరుసలో నాగరత్నమ్మ ఉంది. విద్య, ఆస్తి, వారసత్వం ఉన్న ఆడవాళ్లందరినీ ఒక్క ముద్రతో కొట్టిపారేస్తున్నారని ఆమె బాధ. ఆ బాధలో నిజం ఉంది. కానీ ఊరి గుడి ముందు మెడలో దండ వేసి వదిలేసిన పదేళ్ల పిల్లకు నాగరత్నమ్మకు దొరికిన పాఠమూ, పుట్టలక్ష్మి లాంటి తల్లీ దొరకరు. మన జోగినుల బతుకు చూసినవాళ్లు ఎవరైనా ముత్తులక్ష్మి వైపే నిలబడతారు.

తమాషా ఏమిటంటే ముత్తులక్ష్మి కూడా అదే ఇంటి బిడ్డ. 1886లో పుదుక్కోట్టైలో పుట్టింది. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసి కుటుంబం నుంచి వచ్చింది. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కాలేజీ ప్రిన్సిపాలు. పుదుక్కోట్టైలో మగపిల్లల కాలేజీలో సీటు అడిగితే ఆడపిల్లని, ఆ తల్లి కూతురని గొణిగినవాళ్లున్నారు. ఆమె 1912లో డాక్టరైంది, మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ అయింది, 1954లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది. ఒకే మచ్చ అని లోకం చెప్పినదాన్ని ఒకామె రాతి మీద చెక్కించుకుంది, ఇంకొకామె దాన్ని పుట్టించిన ఆచారాన్నే తీసేయాలని చట్టం పట్టుకుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడలేదు. ఇద్దరూ తల దించుకోలేదు. చట్టం 1947లో వచ్చింది.

తర్వాతి ఏళ్లలో నాగరత్నమ్మ మద్రాసు వదిలి తిరువయ్యారులోనే ఉండిపోయింది. నగలన్నీ పోయాయి, సాదా బట్టలు, కావేరి స్నానం, సమాధి దగ్గర సేవ. 1949లో వీలునామా రాసింది. మిగిలిన ఆస్తి సమాధి సేవకే. ఆడవాళ్లు, దేవదాసీలతో సహా, ఆ చోట పూజ చేసుకునే హక్కు ఎప్పటికీ పోకూడదని అందులో షరతు పెట్టింది. తనకు అడ్డుపెట్టిన తలుపు తన తర్వాతి పిల్లలకు ఎవరూ వేయకుండా గడియ విరిచేసి వెళ్లింది.

1952 మే 19న ఆమె పోయింది. డెబ్భై మూడేళ్లు. రాధికా సాంత్వనాన్ని వావిళ్లవారు మళ్లీ అచ్చువేసింది కూడా ఆ ఏడాదే. ముద్దుపళని వంశంతో సహా, ఒక్క పద్యమూ కొట్టేయకుండా.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా ఇప్పుడు ఆమె విగ్రహం ఉంటుంది. చేతులు జోడించుకుని, తల నిలిపి, నేరుగా లోపలికి చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. వచ్చేవాళ్లలో చాలామంది ఆమెకు దణ్ణం పెట్టి లోపలికి వెళతారు. శాసనం దాకా వెళ్లి చదివేవాళ్లు తక్కువ. చదివినవాళ్లకు మాత్రం నంజనగూడు నుంచి పసిబిడ్డను ఎత్తుకుని బయటపడ్డ పుట్టలక్ష్మి పేరు కనిపిస్తుంది.